ఒంటి మీద మచ్చ లేదు, దురద మాత్రం ఆగదు: చర్మవ్యాధుల్లో, కాలేయ వ్యాధుల్లో దీర్ఘకాలపు దురద ఎలా పుడుతుంది?

ఒడిశాలోని బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా, గుణుపురంలోనైనా వానలు పట్టాయంటే మందుల షాపుల్లో తరచుగా వినిపించే మాట "దురద మాత్ర ఇవ్వండి". అడిగినవారికి చేతికి వచ్చేది దాదాపు అన్ని చోట్లా ఒకటే: ఒక సెట్రిజిన్ స్ట్రిప్పు, దానితోపాటు ఒక పూత మందు ట్యూబు. కొందరికి గంట తిరగకుండానే ఉపశమనం కలుగుతుంది. మరికొందరు నెలల తరబడి అదే మాత్ర మింగుతూ, రాత్రుళ్ళు నిద్ర లేక, గోకి గోకి ఒళ్ళంతా గాట్లు చేసుకుంటారు. ఈ రెండో రకం వారికి ఇంట్లోనూ వీధిలోనూ దొరికే వివరణలు "రక్తం చెడిపోయింది", "వేడి చేసింది", "వంకాయ పడలేదు" అన్నవే. వారిలో కొద్దిమందికి గోకిన గీతలు తప్ప చర్మం మీద ఏ జబ్బూ కనిపించదు, ఎందుకంటే వారి జబ్బు కాలేయంలో ఉంటుంది. ఒకే మాత్ర ఒకరికి పనిచేసి మరొకరికి ఎందుకు పనిచేయదో తెలియాలంటే, దురద శరీరంలో ఏయే దారుల్లో ప్రయాణిస్తుందో ముందు చూడాలి.

దురదకూ నొప్పికీ తేడా ఎక్కడ ఉంది

గోకాలనిపించే అసౌకర్యమైన స్పర్శానుభవమే దురద అని 1660లో జర్మన్ వైద్యుడు సామ్యూల్ హాఫెన్‌రెఫర్ ఇచ్చిన నిర్వచనాన్ని వైద్యులు ఇప్పటికీ వాడుతున్నారు. ఆరు వారాలకు మించి కొనసాగితే దాన్ని దీర్ఘకాలిక దురదగా లెక్కిస్తారు.

దురద అంటే నీరసంగా పుట్టిన నొప్పేనని, అదే నరం గట్టిగా స్పందిస్తే నొప్పి, మెల్లగా స్పందిస్తే దురద అని చాలాకాలం భావించారు. ఈ అభిప్రాయానికి అడ్డు తగిలే అనుభవం ప్రసూతి వార్డుల్లో తరచుగా ఎదురవుతుంది. సిజేరియన్ సమయంలో వెన్నులో మార్ఫిన్ ఇచ్చినప్పుడు నొప్పి తగ్గుతుంది, కానీ చాలామంది బాలింతలకు ముక్కు, ముఖం విపరీతంగా దురద పెడతాయి. దురద బలహీనమైన నొప్పే అయితే, నొప్పిని అణచే మందు దురదను పుట్టించకూడదు. 1997లో జర్మనీ పరిశోధకులు మనుషుల నరాల్లో హిస్టమిన్‌కు స్పందిస్తూ దురదతో సరిపోలే తీరులో సంకేతాలు పంపే సన్నటి సి-తంతువులను గుర్తించారు. 2007లో ఎలుకల వెన్నుపాములో జీఆర్‌పీ అనే సంకేత పదార్థాన్ని అందుకునే గ్రాహకం దురదకు కీలకమని తేలింది. ఆ గ్రాహకం లేని ఎలుకలు గోక్కోవడం తగ్గింది, నొప్పికి మాత్రం మామూలుగానే స్పందించాయి.

అయితే పాత అభిప్రాయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. దురదను మోసే నాడీకణాల్లో చాలావాటికి నొప్పిని గుర్తించే గ్రాహకాలు కూడా ఉన్నాయి. వెన్నుపాములోని కొన్ని కణాలు తక్కువ ఉద్రేకానికి దురదలోనూ, ఎక్కువ ఉద్రేకానికి నొప్పిలోనూ పాలుపంచుకుంటున్నాయని ఎలుకల ప్రయోగాలే చూపాయి. ప్రత్యేకమైన దారులు ఉన్నాయి, అవి మధ్యలో కలుస్తూ విడిపోతూ సాగుతాయి అనడం ఇప్పటి ఆధారాలకు దగ్గరగా ఉంటుంది.

ఈ తంతువులకు మిగతా నరాలకు ఉండే కొవ్వు తొడుగు ఉండదు కనుక సంకేతం చాలా మెల్లగా, సుమారు సెకనుకు ఒక మీటరు చొప్పున ప్రయాణిస్తుంది. అందుకే అరికాలి మీద దోమ కుట్టిన చోట స్పర్శ వెంటనే తెలిసినా దురద కాస్త ఆలస్యంగా వస్తుంది.

దద్దుర్లది ఒక దారి, దూలగొండిది మరో దారి

చర్మంలోని మాస్ట్ కణాలు అనే రోగనిరోధక కణాలు ఉద్రేకపడినప్పుడు హిస్టమిన్ విడుదలవుతుంది. అది రక్తనాళాలను వ్యాకోచింపజేసి దద్దురు లేపుతుంది, పక్కనున్న నరాన్ని తాకి దురద పుట్టిస్తుంది. ఒంటి నిండా దద్దుర్లు లేచి కొద్ది గంటల్లో మాయమయ్యే జబ్బులో, దోమకాటులో ప్రధానమైన దారి ఇదే. సెట్రిజిన్ వంటి యాంటీహిస్టమిన్ మందులు హిస్టమిన్ గ్రాహకాన్ని మూసేస్తాయి, కాబట్టి ఇక్కడ అవి బాగా పనిచేస్తాయి.

పొలం గట్టున, కొండ వాలున తీగలా అల్లుకునే దూలగొండి కాయ తగిలినవారికి రెండో దారి స్వానుభవమే. కాయ మీది గోధుమరంగు నూగు చర్మంలో గుచ్చుకున్న మరుక్షణం తట్టుకోలేని దురద, మంట మొదలవుతాయి, కానీ హిస్టమిన్ లేపినట్లు పెద్ద దద్దురు లేవదు. ఆ నూగులో ఉండే మ్యూకునైన్ ఒక ప్రోటీన్‌ను కత్తిరించే ఎంజైము. అది నరాల మీదున్న పార్-2, పార్-4 అనే గ్రాహకాల కొసను కత్తిరించి, వాటిని తెరిపిస్తుంది. ఈ సంగతి 2008లో వెల్లడైంది. ఇందులో హిస్టమిన్ ప్రమేయం లేదు, అందుకే దురద మాత్ర ఇక్కడ నిష్ఫలం. ఇచ్ఛాపురం దగ్గర జాతీయ రహదారిని మూసేసినా, మోహన నుంచి దిగపహండి మీదుగా వచ్చేవారు బరంపురం చేరకుండా ఆగరు కదా; హిస్టమిన్ గ్రాహకాన్ని మూసినా దురద మెదడుకు చేరడం సరిగ్గా అలాంటిదే.

రెండో దారికి మరో సాక్ష్యం మలేరియా మందు. క్లోరోక్విన్ మింగిన కొందరికి, ముఖ్యంగా ఆఫ్రికా దేశాల్లో, ఒళ్ళంతా సూదులు గుచ్చినట్లు దురద వస్తుంది, దానికి యాంటీహిస్టమిన్ మందులు అంతగా లొంగవు. నరాల మీద దీన్ని అందుకునే గ్రాహకం 2009లో దొరికింది. అదే కుటుంబానికి చెందిన మరో గ్రాహకం ఈ వ్యాసంలో కాలేయం దగ్గర మళ్ళీ ఎదురవుతుంది.

ఎగ్జిమా, గజ్జి, జీడిపిక్క: చర్మంలో జరిగేది

దీర్ఘకాలపు చర్మవ్యాధుల్లో దురద చాలావరకు ఈ హిస్టమిన్‌తో పనిలేని దారుల్లోనే నడుస్తుంది. ఎగ్జిమాలో చర్మపు పైపొర బలహీనంగా ఉంటుంది. ఆ పొరను పటిష్ఠంగా ఉంచే ఫిలాగ్రిన్ ప్రోటీన్ జన్యువులో లోపాలు ఎగ్జిమాకు దారితీస్తాయని 2006లో తెలిసింది. తేమ బయటికి పోతుంది, దుమ్ము, సబ్బు, సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. గాయపడిన పైపొర కణాలు ప్రమాద సంకేతాలు పంపితే రోగనిరోధక కణాలు అక్కడికి చేరి ఇంటర్‌ల్యూకిన్-4, 13, 31 అనే పదార్థాలను వదులుతాయి. ఇవి వాపు పుట్టించి ఊరుకుంటాయని, దురద ఆ వాపు ఫలితమని మొదట అనుకున్నారు. కానీ దురదను మోసే నాడీకణాల మీదే వీటికి గ్రాహకాలు ఉన్నాయని, అంటే రోగనిరోధక వ్యవస్థ నరాలతో నేరుగా మాట్లాడుతోందని తరువాతి పరిశోధనలు చూపాయి. ఇంటర్‌ల్యూకిన్-4 గ్రాహకాన్ని మూసే డూపిలుమాబ్ 2017లో అమెరికాలో ఆమోదం పొందింది. ఇంటర్‌ల్యూకిన్-31 గ్రాహకాన్ని మూసే నెమోలిజుమాబ్ 2022లో జపాన్‌లో ఎగ్జిమా దురదకు వాడుకలోకి వచ్చింది. ఎగ్జిమా చర్మం మీద గూడు కట్టుకునే స్టఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా కూడా తన ఎంజైముతో నరాన్ని నేరుగా తాకి దురద పుట్టించగలదని 2023లో ఎలుకల మీద నిరూపించారు.

గజ్జి విషయంలో కాలం లెక్క తెలియకపోవడం వల్ల వచ్చే అపార్థాలు ఎక్కువ. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉండే ఒక పిల్లవాడు గజ్జి పురుగుతో దసరా సెలవులకు ఇంటికి వచ్చాడనుకుందాం. ఇంటిల్లిపాదీ ఒకే చాప మీద పడుకుంటారు. సెలవులు ముగిసి పిల్లవాడు వెళ్ళిపోతాడు, ఎవరికీ ఏమీ ఉండదు. కార్తీకమాసంలో అమ్మకు, నాన్నమ్మకు, చంటిపిల్లకు ఒకేసారి రాత్రిపూట దురద మొదలవుతుంది. మొదటిసారి పురుగు చేరినవారి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది; అదే రెండోసారి అయితే ఒకటి రెండు రోజుల్లోనే దురద వస్తుంది. పైగా మందు రాసి పురుగులన్నీ చచ్చాక కూడా, వాటి అవశేషాలు పైపొరలో ఉన్నంతకాలం, రెండు నుంచి నాలుగు వారాల దాకా దురద మిగలవచ్చు. మందు పనిచేయలేదని ఈ వ్యవధిలోనే చాలామంది నిరాశపడతారు.

జీడిపిక్కలు ఒలిచే చేతుల సంగతి వేరు. తొక్కలోని నూనెలో ఉండే అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని నేరుగా కాల్చగలవు, కొందరిలో ఎలర్జీనీ తెస్తాయి. ఈ ఎలర్జీ నడిపేవి మెల్లగా స్పందించే టి-కణాలు అనే రోగనిరోధక కణాలు కనుక పని చేసిన ఒకటి రెండు రోజుల తరువాత వేళ్ళ సందుల్లో పొక్కులు, దురద వస్తాయి. ఆలస్యంగా రావడం వల్లే కార్మికులు దాన్ని ఆ రోజు తిన్న చేపకో వంకాయకో అంటగడతారు.

తామరకు రాసే కొన్ని ట్యూబుల గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. శిలీంధ్రాన్ని చంపే మందుతోపాటు ఘాటైన స్టెరాయిడ్ కలిపి ఉన్న ట్యూబు రాస్తే మొదటి రోజే దురద తగ్గుతుంది, ఎందుకంటే స్టెరాయిడ్ వాపు సంకేతాలను అణచేస్తుంది. అదే సమయంలో శిలీంధ్రాన్ని అదుపు చేయవలసిన రోగనిరోధక స్పందన కూడా అణగిపోయి, తామర గుండ్రటి అంచు పోగొట్టుకుని గుర్తుపట్టలేని రూపంలో పాకుతుంది. దురద తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు అన్నది ఇంత స్పష్టంగా కనిపించే సందర్భం మరొకటి లేదు; ఊళ్ళ మీద ఈ ట్యూబులు చేస్తున్న హాని చూస్తుంటే బాధ కలుగుతుంది.

గోకితే వచ్చే హాయి, తప్తపాణి వేడి నీరు

గోకినప్పుడు పుట్టే స్వల్పమైన నొప్పి వెన్నుపాములో దురదను అణచే కణాలను మేల్కొలుపుతుంది. గట్టిగా గిల్లినా, మంచుముక్క పెట్టినా, వేడి నీళ్ళు పోసినా జరిగేది ఇదే. కానీ నొప్పిని తగ్గించడానికి మెదడు విడుదల చేసే సెరటోనిన్, దురద దారిలోని కణాలను మరింత చురుకుగా చేస్తుందని 2014లో ఎలుకల్లో గమనించారు. గోకుడు వల్ల పైపొర చిరుగుతుంది, కొత్త వాపు సంకేతాలు పుడతాయి, ఎగ్జిమాలో నరాల కొసలు పైపొరలోకి మరింత చొచ్చుకొస్తాయి. చివరికి చొక్కా అంచు తగిలినా దురద పుట్టే స్థితి వస్తుంది. దీర్ఘకాలపు దురద మొదటి కారణం పోయాక కూడా కొనసాగడానికి నరాల్లో వచ్చే ఈ మార్పు ఒక ముఖ్య హేతువు.

మరి ఇంత హాని చేసే అలవాటు జంతువులన్నిటిలో ఎందుకు నిలిచింది? ఒంటి మీది పురుగులను వదిలించుకోవడానికి అన్నది పాత సమాధానం. 2025లో వెలువడిన ఒక ఎలుకల అధ్యయనం దీనికి కొత్త కోణం చేర్చింది: గోకినప్పుడు నరాలు వదిలే సబ్‌స్టెన్స్-పి అనే సంకేత పదార్థం మాస్ట్ కణాలను ఉద్రేకపరచి వాపును పెంచుతుంది, అయితే చర్మం మీది స్టఫిలోకాకస్ సంఖ్యనూ తగ్గిస్తుంది. పూటకో రెండు పూటలకో పరిమితమైన దురదలో ఇది రక్షణ కావచ్చు. నెలల తరబడి సాగే దురదలో నష్టమే పైచేయి అవుతుందని ఎక్కువమంది చర్మవైద్యుల అభిప్రాయం.

బరంపురానికి 50 కిలోమీటర్ల దూరంలో కొండల నడుమ ఉన్న తప్తపాణి గంధకపు ఊటలో స్నానం చేస్తే చర్మరోగాలు పోతాయన్న నమ్మకాన్ని కూడా ఈ వెలుగులో చూడవచ్చు. వేడి నీరు తగలగానే దురద అణగడం నిజమైన అనుభవమే, పైన చెప్పిన యంత్రాంగమే దానికి కారణం. గంధకం గజ్జికి పాత మందు అన్నదీ నిజమే. వందకు 5 నుంచి 10 పాళ్ళు గంధకం కలిపిన లేపనాన్ని ఇప్పటికీ వాడతారు. అయితే ఊట నీటిలో కరిగి ఉండే గంధకం ఆ మోతాదుకు చాలా దూరం, పైగా వేడి నీరు చర్మంలోని నూనెను కడిగేసి ఎగ్జిమా ఉన్నవారిలో మర్నాటి దురదను పెంచుతుంది. కాలేయం వల్ల వచ్చే దురదకైతే గంధకంతో సంబంధమే లేదు.

కాలేయం నుంచి వచ్చే దురద ఎలా ఉంటుంది

కాలేయం రోజూ పైత్యరసాన్ని తయారుచేసి నాళాల ద్వారా చిన్నపేగులోకి పంపుతుంది. అందులోని పైత్యరస ఆమ్లాలు కొవ్వు జీర్ణం కావడానికి తోడ్పడి, సుమారు 95 శాతం మేరకు చిన్నపేగు చివరి భాగంలో పీల్చుకోబడి తిరిగి కాలేయానికే చేరతాయి. ఈ ప్రవాహానికి రాయి అడ్డుపడినా, కణితి నొక్కినా, కాలేయంలోని సన్నటి నాళాలు దెబ్బతిన్నా, గర్భధారణలోని హార్మోన్ల వల్ల ప్రవాహం మందగించినా, పేగులోకి పోవలసిన పదార్థాలు రక్తంలోకి తిరిగి పొంగుతాయి. అప్పుడు వచ్చే దురదకు కొన్ని ఆనవాళ్ళు ఉన్నాయి. అది తరచుగా అరచేతుల్లో, అరికాళ్ళలో ఎక్కువగా ఉంటుంది, సాయంత్రం నుంచి రాత్రికి పెరుగుతుంది. దానంతట అది పొక్కునుగానీ దద్దురునుగానీ లేపదు. ఒళ్ళంతా గోకిన గీతలు ఉండి, వీపు మధ్యలో చెయ్యి అందని చోట మాత్రం చర్మం నున్నగా మిగిలి ఉండటాన్ని వైద్యులు ప్రత్యేకంగా గమనిస్తారు. మూత్రం ముదురు రంగులోకి మారడం, మలం సున్నం రంగుకు తిరగడం తోడైతే అనుమానం బలపడుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలోనూ మచ్చ లేని దురద వస్తుంది. సరిహద్దుకు ఆవల, ఆంధ్రప్రదేశ్‌లోని ఉద్దానం ప్రాంతంలో ఆ జబ్బు ఎంత విస్తరించిందో తెలిసిందే, కాని దాని యంత్రాంగం వేరే.

ప్రతి కామెర్లకూ దురద ఉండదు. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎర్ర రక్తకణాలు త్వరగా విరిగిపోయి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరగడం వల్ల కళ్ళు పచ్చబడతాయి, కానీ పైత్యరసం దారి తెరిచే ఉంటుంది కనుక సాధారణంగా దురద ఉండదు. అలాంటి వ్యక్తికి కొత్తగా దురద మొదలైతే ఆలోచించవలసిన విషయం ఉంది: విరిగిన కణాల నుంచి ఏర్పడే పిత్తాశయ రాళ్ళు వారిలో ఎక్కువ, అలాంటి రాయి జారి నాళానికి అడ్డుపడి ఉండవచ్చు. మరోవైపు, కళ్ళు ఏమాత్రం పచ్చబడకుండానే కాలేయ దురద నెలల ముందే మొదలయ్యే సందర్భాలూ ఉన్నాయి. అందుచేత కళ్ళ రంగును బట్టి నిర్ణయించడం, కామెర్ల పసరు తాగి ఊరుకోవడం రెండూ మోసం చేయగలవు.

పైత్యరస ఆమ్లాలా, ఆటోటాక్సినా, బిలిరుబినా

రక్తంలోకి పొంగినవాటిలో ఏది నరాన్ని తాకుతోంది అన్న ప్రశ్నకు ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. పైత్యరస ఆమ్లాల పక్షాన ఉన్న ఆధారాలు పాతవీ బలమైనవీ. చర్మంలోకి ఎక్కిస్తే అవి దురద పుట్టిస్తాయి. పేగులో వాటిని పట్టి ఉంచే కొలెస్టిరమిన్ కొందరిలో దురద తగ్గిస్తుంది. 2019లో ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్4 అనే మానవ నాడీకణ గ్రాహకం వాటికి స్పందిస్తుందని విడివిడిగా పనిచేసిన బృందాలు ప్రకటించాయి. ఇది క్లోరోక్విన్ గ్రాహకానికి దాయాది. ఎలుకల్లో దీనికి నేరుగా సరిపోలే జోడీ లేదు కాబట్టి ఎలుకల ప్రయోగాలు ఇన్నేళ్ళూ దీన్ని పట్టి ఇవ్వలేకపోయాయి.

అయినా ఒక చిక్కు మిగిలింది. రక్తంలో ఆమ్లాల మోతాదుకూ, రోగి పడే బాధకూ పొంతన కుదరదు. కాలేయం పూర్తిగా చెడే దశలో మోతాదు ఎక్కువగానే ఉన్నా దురద తగ్గిపోవడం చూస్తాం. 2010లో జరిగిన ఒక పరిశోధనలో బాధకు తగ్గట్టుగా పెరిగినది ఆటోటాక్సిన్ అనే ఎంజైము. అది రక్తంలో లైసోఫాస్ఫాటిడిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది, ఆ ఆమ్లం నరాలను ఉద్రేకపరుస్తుంది. పైత్యరసాన్ని గొట్టంతో బయటికి తీసినప్పుడు దురదా ఆటోటాక్సినూ కలిసి తగ్గాయి. దీనికీ ఆక్షేపణ ఉంది: దురద లేని గర్భిణుల్లోనూ, కాలేయం గట్టిపడినవారిలోనూ ఆటోటాక్సిన్ పెరుగుతుంది. ఇక బిలిరుబిన్ కూడా ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్4ను కొంతమేర తాకగలదని తేలింది, కాని సికిల్ సెల్ కామెర్లలో దురద లేకపోవడం దాన్ని ప్రధాన కారణంగా నిలబెట్టనివ్వదు. నా ఉద్దేశంలో ఒక్కరినే దోషిగా తేల్చాలన్న పట్టుదల కన్నా, ఇవి కలిసి పనిచేస్తున్నాయని, వ్యక్తిని బట్టి వాటి పాళ్ళు మారుతున్నాయని భావించడం ఆధారాలకు ఎక్కువ న్యాయం చేస్తుంది.

ఎనిమిదో నెలలో అరికాళ్ళ దురద

పర్లాకిమిడిలో ఒక గర్భిణికి ఎనిమిదో నెలలో రాత్రిళ్ళు అరచేతులు, అరికాళ్ళు దురద పెడుతున్నాయనుకుందాం. "కడుపు సాగుతోందమ్మా, నాకూ అలాగే ఉండేది" అని అత్తగారు కొబ్బరినూనె రాస్తారు. ఆమె మాటలో తప్పేమీ లేదు, చర్మం సాగడం వల్ల పొట్ట మీద దురద రావడం సహజం. కానీ పొట్ట కన్నా అరికాళ్ళలో ఎక్కువగా, మచ్చ లేకుండా వచ్చే దురద గర్భిణుల్లో పైత్యరస ప్రవాహం మందగించడానికి గుర్తు కావచ్చు. తల్లికి ప్రసవం తరువాత అది పోతుంది, ప్రమాదం బిడ్డకు. ఈ స్థితిలో ఉన్న 5,000 మందికి పైగా గర్భిణుల వివరాలను కలిపి చూసి 2019లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, రక్తంలో పైత్యరస ఆమ్లాలు లీటరుకు 40 మైక్రోమోళ్ళ లోపు ఉన్నవారిలో బిడ్డ కడుపులోనే చనిపోవడం 0.13 శాతం, 40 నుంచి 99 మధ్య ఉన్నవారిలో 0.28 శాతం, 100 దాటినవారిలో 3.44 శాతం. అంటే ఈ లక్షణాలున్న చాలామంది బిడ్డలు క్షేమంగానే పుడతారు, ముప్పు ఎవరికో తేల్చేది ఒక రక్తపరీక్ష. దురద ఎంత తీవ్రంగా ఉందన్నది ఆ అంకెను చెప్పదు, కాళ్ళకు నూనె రాస్తే దురద తగ్గిందన్నదీ చెప్పదు.

ఏ మందు ఏ దారిని మూస్తుంది

కాలేయ దురదలో యాంటీహిస్టమిన్ మందులు ఇస్తే ఒరిగేది ప్రధానంగా మత్తు, కాస్త నిద్ర. కొలెస్టిరమిన్ పేగులో ఆమ్లాలను పట్టుకుంటుంది, పక్కన మింగిన ఇతర మందులనూ పట్టుకుంటుంది కనుక వాటి మధ్య గంటల ఎడం పాటిస్తారు. పేగులో ఆమ్లాలు తిరిగి పీల్చుకోబడే ద్వారాన్నే మూసే ఒడెవిక్సిబాట్, మారలిక్సిబాట్ అనే మందులు 2021లో పిల్లల్లో వచ్చే అరుదైన వంశపారంపర్య కాలేయ వ్యాధుల దురదకు ఆమోదం పొందాయి. వాటి విజయం ఆమ్లాల పక్షానికి పెద్ద బలం. క్షయకు వాడే, మూత్రాన్ని ఎర్రగా మార్చే రిఫాంపిసిన్ తక్కువ మోతాదులో ఈ దురదను తగ్గిస్తుంది, అది ఆటోటాక్సిన్ తయారీని తగ్గించడం ఇందుకు కారణం కావచ్చు. అదే మందు కొందరిలో కాలేయాన్నే దెబ్బతీస్తుంది కాబట్టి రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. 2021 నాటి ఒక ప్రయోగంలో, రక్తంలో కొవ్వు తగ్గించే మందైన బెజాఫైబ్రేట్ వాడినవారిలో 45 శాతం మందికి దురద సగానికి సగం తగ్గింది, మందు లేని మాత్ర వాడినవారిలో అలా తగ్గింది 11 శాతం మందికి.

మెదడు వాటా కూడా ఉంది. శరీరం తానే తయారుచేసుకునే మార్ఫిన్ వంటి పదార్థాల ప్రభావం కాలేయ వ్యాధిలో పెరుగుతుందని, వాటిని అడ్డుకునే మందు ఇచ్చినప్పుడు కొందరు రోగుల్లో మత్తుమందు మానినవారి లక్షణాలే కనిపించడాన్ని బట్టి 1980ల్లో గ్రహించారు. నాల్ట్రెక్సోన్ ఆ ప్రభావాన్ని అడ్డుకుంటుంది. దానికి భిన్నంగా, మార్ఫిన్ వంటి పదార్థాల గ్రాహకాల్లోనే దురదను అణచే రకమైన కప్పా గ్రాహకాన్ని ప్రేరేపించే నాల్ఫురాఫిన్‌ను 2015 నుంచి జపాన్‌లో కాలేయ రోగులకు ఇస్తున్నారు.

ఏ మందుకూ లొంగక, నిద్రనూ బతుకునూ హరించిన దురద ఒక్కటే కారణంగా కాలేయ మార్పిడికి సిఫారసు చేసే సందర్భాలు ఉన్నాయి. మార్పిడి తరువాత వారిలో చాలామందికి దురద కొద్ది రోజుల్లోనే పోతుంది.